లాల్‌బీ ఉన్నచోటే లాల్‌బీ బోర్డు

పన్ను తక్కువున్న ఊరు ఏదని అడిగేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. నంద్యాలలో నా ఆఫీసు మెట్లెక్కి వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషీ ముందు అదే అడుగుతాడు. బేరం ఎక్కడ జరుగుతుంది, సరుకు ఎక్కడ దిగుతుంది, పనివాళ్ళు ఎక్కడ దొరుకుతారు, ఇవేవీ కాదు. "ప్రియదర్శిని మేడమ్, యాడ పెడితే తక్కువ పడతాది?" అంతే. పన్నుల కాగితాలు రాసిపెట్టి బతికేదానివి, అడగొచ్చినవాళ్ళ మీద ఇంత కోపమేంటని మా నాయన ఇమ్మానుయేలు మాస్టారు దెప్పుతుంటాడు. ఆయన పిల్లలకు ఎక్కాలు చెప్పి రిటైరైన మనిషి, ఆయనకేం తెలుసు నా బాధ. అందుకే ఇప్పుడు వాదన మానేశాను. నూనెపల్లె వైపు వెళ్ళే ఒక సందులో లాల్‌బీ అనే ఆమె పరుపులు కుడుతుంది, వెళ్ళి ఆమె ఎదురుగా కాసేపు కూర్చుని రమ్మని చెబుతున్నాను. వెళ్ళే తీరిక లేదన్నవాళ్ళకు ఈ సంగతి చెబుతున్నాను.

లాల్‌బీది వెలుగోడు. దూదేకుల ఇంట్లో పుట్టింది. వాళ్ళ నాయన విల్లు భుజాన వేసుకుని ఊరూరూ తిరిగి దూది ఏకేవాడు. మనిషెత్తు విల్లు, దానికి బిగించిన నరం, ఆ నరాన్ని కొట్టే కట్టె గూటం, ఇవే ఆయన ఆస్తి. ఆడపిల్ల విల్లు ముట్టకూడదని వాళ్ళమ్మ కసిరేది. "మూడు పూట్లా తింటాది గదా, ఒక పూటన్నా కొట్టనీ" అని ఆయన నవ్వి కూతురి చేతికి గూటం ఇచ్చేవాడు. అలా నేర్చుకుంది. ఆళ్ళగడ్డలో అబ్దుల్ గఫార్‌కు ఇచ్చి పెళ్ళి చేసి పంపేటప్పుడు ఆ విల్లు కూడా వెంట పంపాడు. అత్తగారింట్లో అందరూ ముక్కున వేలేసుకున్నారట. ఆ విల్లును తీసుకెళ్ళి అటకెక్కించారు.

ఆళ్ళగడ్డలో శిల్పాలు చెక్కే కొట్టాల పక్కన గఫార్ పరుపుల అంగడి. ఒకవైపు ఉలుల చప్పుడు, ఒకవైపు దూది చప్పుడు. గఫార్ మెత్తని మనిషి, గొంతు పెంచి మాట్లాడి ఎరగడు. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా ఏళ్ళ తరబడి దూది ఏకడంతో ఆ నూగంతా అతని ఊపిరితిత్తుల్లో చేరింది. మొదట దగ్గు, తర్వాత నాలుగడుగులు వేస్తే ఆయాసం. పని చేయలేకుండా అయిపోయాడు. అప్పుడు అతని తమ్ముడు అన్సార్ దూది ఏకే మిషను ఒకటి కొని తెచ్చి అంగడిలో పెట్టాడు. అన్సార్‌కు నంద్యాలలో మంచాలు, సోఫాలు, స్పాంజి పరుపులు అమ్మే షోరూమ్ ఉంది. ఆ సాయం చిన్నది కాదు, చిన్నదని లాల్‌బీ ఏనాడూ అనలేదు. అప్పటి నుంచి మిషను మీద ఏకేది ఆమె, గలీబులో కూరేది ఆమె, దబ్బనం పట్టి కుట్లు వేసేది ఆమె. కూతురు ముబశ్శిరా గలీబులు కుట్టి ఇచ్చేది.

వాళ్ళ పనిలో ఒక పద్ధతి ఉంది. పరుపు చేయించుకునేవాళ్ళు వచ్చి ఎదురుగా కూర్చోవాలి. దూది మూట వాళ్ళ కళ్ళముందే విప్పాలి, కళ్ళముందే ఏకాలి. గలీబులో మొదటి పిడికెడు దూది ఆ ఇంటివాళ్ళే తమ చేత్తో వేయాలి. తొలి పిడికిలి అంటారు దాన్ని. అది పడ్డాకే లాల్‌బీ కూరడం మొదలుపెడుతుంది. పాత దూది కలిపారన్న మాట రాకుండా పెద్దవాళ్ళు ఎప్పుడో పెట్టుకున్న కట్టుబాటు. మిగతా అంగళ్ళవాళ్ళు చాలామంది వదిలేశారు, లాల్‌బీ వదల్లేదు. ఎవరూ వచ్చి కూర్చోకపోతే పరుపు కుట్టదు. ముందే కుట్టి పేర్చిపెట్టిన పరుపు ఆమె అంగడిలో ఎప్పుడూ లేదు.

ఆమె ఎలాంటిదో చెప్పాలంటే ఒక్క సంగతి చాలు. ఒక పెద్దింటాయన పరుపు తీసుకెళ్ళిన కొన్ని నెలలకు తిరిగొచ్చి, లోపలంతా చెత్త దూది అని బజారులో నిలబడి అరిచాడు. లాల్‌బీ ఆ పరుపును రోడ్డు మీద పరిచి, కుట్లన్నీ కోసి, "ఏరప్పా. నువ్వే ఏరు. చెత్త చూపిచ్చినంక పోదువు" అని అతన్ని అక్కడే కూర్చోబెట్టింది. శిల్పులు ఉలులు పక్కన పెట్టి వచ్చి చుట్టూ నిలబడ్డారు. పెద్దాయన ఎండలో ఏరి ఏరి, చివరికి ఇంట్లో పరుపు మీద నీళ్ళు పడి దూది ఉండలు కట్టిందని ఒప్పుకున్నాడు. ఆమె దాన్ని ఆరబెట్టి, మళ్ళీ ఏకి, మళ్ళీ కుట్టి ఇచ్చింది. తొలి పిడికిలి కూడా మళ్ళీ ఆయన చేతే వేయించింది.

అలాంటి మనిషిని మొన్న వేసవిలో అన్సార్ నా ఆఫీసుకు తీసుకొచ్చాడు.

ఆళ్ళగడ్డలో ఆమె అంగడి ఉన్న కట్టడం పాతదైపోయింది, కూలగొట్టి కొత్తది కడుతున్నారు. ఆమె ఖాళీ చేయాలి. సరిగ్గా అప్పుడే నంద్యాలలో ఒక ఆడపిల్లల హాస్టల్ ఆమెకు పరుపులు చెప్పింది. హాస్టల్ వార్డెన్ లూదియా టీచరమ్మ పుట్టిల్లు ఆళ్ళగడ్డే, ఆమె పెళ్ళినాటి పరుపు లాల్‌బీ కుట్టిందే. బళ్ళు తెరిచేలోగా కావాలి, జీఎస్టీ నంబరున్న బిల్లుతో కావాలి అంది. ఆ బిల్లు ఇవ్వాలంటే నంబరు తీసుకోవాలి. నంబరు తీసుకోవాలంటే వ్యాపారం ఎక్కడ చేస్తున్నారో చూపించాలి. ఆ చోటు ఏదన్నదే మిగిలింది.

"మా వదిన పేరు మీద నంబరు తీయాల మేడమ్. అడ్రసు మా పల్లెది రాయండి. ఉయ్యాలవాడ కాడ మాకు కొట్టం ఉండాది. పంచాయతీ గదా, పెద్దగా పన్నులు పడవు" అన్నాడు అన్సార్.

"పని ఆడ చేస్తారా?" అన్నాను.

"పనిదేముంది, చూసుకుంటాం" అన్నాడు.

ఆ జవాబు వినగానే నాకు చిర్రెత్తింది. అతన్ని వదిలి లాల్‌బీ వైపు తిరిగాను. "అక్కా, నీకేమన్నా చెప్పినాడా ఈయన?"

"ఆడ పెడితే తక్కువని చెప్పినాడు పాపా. ఎందుకు తక్కువో చెప్పలే. నువ్వు చెప్పు" అంది.

చెప్పాను. జీఎస్టీ రాష్ట్రంలో ఎక్కడ పెట్టినా ఒకటే, నంద్యాలకొక రేటు, పల్లెకొక రేటు ఉండదు. మారేది ఊరి పన్నులు. మునిసిపాలిటీలో ఇంటి పన్ను ఎక్కువ. అది ఓనరు కట్టేదే అయినా బాడుగలో కలిపి మన నెత్తిన వేస్తాడు. ట్రేడ్ లైసెన్సు తీసుకోవాలి, గడువు అయిపోతే మళ్ళీ తీసుకోవాలి. నీళ్ళకు వేరే కట్టాలి. పంచాయతీలో ఇవి తక్కువ, కొన్ని ఉండనే ఉండవు. వృత్తి పన్ను రాష్ట్రానిది, అమ్మకం పెరిగితే ఎక్కడున్నా తప్పదు. పోనీ కర్ణాటకకో తెలంగాణకో పోదామంటే అక్కడి లెక్క మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాలి. చిన్న వ్యాపారులకు పన్ను తగ్గించే కాంపోజిషన్ పద్ధతి ఒకటి ఉంది, అందులో ఉన్నవాళ్ళు రాష్ట్రం దాటి సరుకు పంపడానికి లేదు.

"తక్కువ పన్నున్న చోటు చూసుకునేది తప్పు కాదక్కా. నిజంగా ఆడికి పోయి పని చేసుకుంటే అది నీ హక్కు, ఎవరూ ఏమీ అనేదానికి ల్యా. కాగితంలో ఒక ఊరు రాసి ఇంకో ఊర్లో కూచుంటేనే తప్పు" అన్నాను.

అన్సార్ సెల్‌ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. లాల్‌బీ లేచింది.

"అయితే పాండి, చూసొద్దాం. చోటు చూడకుండా ఎట్లా చెప్పేది" అంది. నేనూ బయల్దేరాను. నా కంటితో చూడని చోటును నా చేత్తో కాగితం మీద పెట్టను. అది నా మొండితనం, దాని వల్ల నాకు రావలసిన బేరాలు చాలా పోయాయి, పోనీ.

అన్సార్ కారులోనే వెళ్ళాం. దారి పొడుగునా కోతలైపోయిన నల్లరేగడి చేలు, నెర్రెలు విచ్చి ఉన్నాయి. పల్లె దాటి మట్టిరోడ్డు మీద కొంత దూరం పోతే కొట్టం వచ్చింది. తలుపు లేదు, తడిక అడ్డం పెట్టి ఉంది. కరెంటు తీగ అటువైపు లేనే లేదు. లోపల మేకలు, మేకల పెంటికలు. మిషను అక్కడ పెట్టినా తిరిగేది కాదు. లాల్‌బీ లోపలికి వెళ్ళి, ఒక మూల కాలితో ఊడ్చి, దూది ఏకేటప్పుడు కూర్చునేట్టే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అక్కడి నుంచి మేం వచ్చిన దారిని చూసింది. చాలాసేపు చూసింది. ఒక మేకపిల్ల వచ్చి ఆమె కొంగు నమలబోతే పక్కకు నెట్టింది.

"ఈడికి ఎవరొచ్చి కూచుంటారు అన్సారూ?" అని అడిగింది.

"ఎవరూ రావాల్సిన పని ల్యా వదినా. నువ్వు నంద్యాలలో మా షోరూమ్ ఎనకపక్క పని చేసుకో. చోటు నేనిస్తా. ఇది బిల్లు మీద ఉంటాది, అంతే."

"నేను నంద్యాలలో ఉంటా. నా పేరు ఈడ మేకల కాడ ఉంటాది."

"అందరూ చేస్తాండేదే వదినా."

అప్పుడు ఊరుకోవడం నా వల్ల కాలేదు. అన్సార్ కూడా కాంపోజిషన్‌లోనే ఉన్నాడు. అమ్మకాలు ఒక హద్దు దాటితే ఆ వెసులుబాటు పోయి పూర్తి పన్ను కట్టాలి. అతని షోరూమ్‌లో రద్దీ చూస్తే ఆ హద్దు ఎంత దగ్గరలో ఉందో నాకు తెలుస్తూనే ఉంది. "మీ స్పాంజి పరుపులు కూడా అక్క పేరు మీద ఈ కొట్టం నుంచి అమ్మినట్టు చూపిద్దామనా అన్సార్ భాయ్?" అని మొహం మీదే అడిగేశాను.

అతను కాదనలేదు. "మీకేం మేడమ్, చెప్తారు. షోరూమ్ బాడుగ, ఇంటి పన్ను, లైసెన్సు, పనోళ్ళ జీతాలు అన్నీ నా నెత్తినే. ఫోన్‌లో నొక్కితే పరుపు చుట్ట చుట్టి ఇంటికే వస్తాండాది. నేనేం తిని బతకాల?" అన్నాడు. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. నాకు జాలి కూడా వేసింది.

లాల్‌బీ లేచి చీర దులుపుకుంది. "ఈ కష్టం నాతో చెప్పింటే నీ అంగడి ముందర కూచొని పరుపులు కుట్టి నీకు బేరం తెచ్చేదాన్ని. నువ్వు నాకు చెప్పకుండా నా పేరు తీసుకునేదానికి వచ్చినావు. ఇయ్యను" అంది.

"అట్లయితే మిషను నాది వదినా" అన్నాడు అన్సార్. నెమ్మదిగానే అన్నాడు.

"నీదే. తీస్కపో."

ఆ మాట ఆమె ఎంత తేలిగ్గా అందో, నాకు అంత భయం వేసింది. అంగడి ఎలాగూ పోయింది. మిషను కూడా పోతే హాస్టల్ పరుపులు పోతాయి, ఆ తర్వాత కూతురితో కలిసి ఎవరి దగ్గరో గలీబులకు కుట్టు కూలికి పోవాల్సిందే. ఆమెకు ఇది తెలియదా? తెలుసు. అయినా వెనక్కి తగ్గకుండా వచ్చి కారెక్కింది.

కారు తీసే ముందే అన్సార్ పక్కకెళ్ళి అన్నకు ఫోన్ చేసి అంతా చెప్పేశాడు. మేం ఆళ్ళగడ్డలో వాళ్ళింటికి చేరేసరికి గఫార్ మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. "ఇచ్చేయకపోతివా లాల్‌బీ. ఒట్టి పేరే గదా. మనకు మిషను కొనిచ్చినోడు. తమ్ముడు గదా" అన్నాడు. ఒక్కో మాటకూ ఊపిరి అందుకుంటూ అన్నాడు.

"పేరే గదా అంటాండావు. మనకు ఇంకేముండాది చెప్పు? ఇల్లుండాదా, పొలముండాదా? నీ ఊపిరి అంతా పోగొట్టుకొని తెచ్చిన పేరు అది. మేకల కొట్టంలో కట్టేసి రమ్మంటావా?" అంది ఆమె. ఆమె కోపంలో ఏడుపు ఉంది, దాచుకోవాలని కూడా చూడలేదు. గఫార్ తల దించుకున్నాడు.

ముబశ్శిరా స్టూలు వేసుకుని అటక మీది నుంచి తాత విల్లు దించింది. నరం ఎప్పుడో తెగిపోయి వేలాడుతోంది. నరం బిగించడం ఆ ఇంట్లో గఫార్‌కు ఒక్కడికే తెలుసు. లాల్‌బీ విల్లు తెచ్చి అతని మంచం పక్కన గోడకు ఆనించి, ఏమీ అడక్కుండా వంటింట్లోకి పోయింది. కొన్నాళ్ళు అది అక్కడే ఉంది. అతను దాన్ని చూడనట్టే ఉన్నాడు. ఈలోగా అన్సార్ మనుషులు టెంపో తెచ్చి మిషను ఎక్కించుకుని పోయారు. వాళ్ళు పోయాక ముబశ్శిరా చూస్తే, నాయన ఒళ్ళో విల్లు పెట్టుకుని కొత్త నరం బిగిస్తున్నాడు.

ఇక చోటు. నిజంగా పల్లెకే పోతే పన్ను మిగులుతుందని ఇంకోసారి గుర్తు చేశాను, అది నా పని కాబట్టి. "మిగిలిన పన్ను ఏం చేసుకోవాల పాపా, కూచునే మనిషి రాకపోతే?" అంది. ఆళ్ళగడ్డలో వేరే రూము చూసింది, నచ్చలేదు. నంద్యాల సందులో ఇస్సాకు తాత అని ఒకాయన ఇంటి ముందుభాగం దొరికింది. అటు బస్సు దిగితే నడిచి రావచ్చు, ఇటు హాస్టల్ దగ్గర. ఇల్లు అంగడి అవుతోంది గనుక ఇంటి పన్ను పెరుగుతుంది, అది బాడుగలో వేస్తానన్నాడు తాత.

"ఏస్కో తాతా. పన్ను రసీదు నాకు చూపియ్యి. పెరిగినంతే ఏస్కో. ఒక్క రూపాయి పైన ఏసినా నీ వాకిట్లోనే కూచొని అడుగుతా" అంది లాల్‌బీ. తాత నవ్వి సరేనన్నాడు. ఆయనకు అప్పటికి ఈమె సంగతి తెలియదు, ఇప్పుడు బాగా తెలుసు. లాల్‌బీ మొగుడినీ కూతురినీ విల్లునూ తీసుకుని అక్కడికే మారిపోయింది.

ట్రేడ్ లైసెన్సుకు రాశాను, జీఎస్టీకి రాశాను. అన్నిటి మీదా ఒకటే చిరునామా. ఎక్కువ కడుతున్నావక్కా, బాధ లేదా అని అడిగాను. "కడతా. కట్టేది కట్టి కాళ్ళు చాపుకొని కూచుంటా. ఎవరొచ్చి లాల్‌బీ యాడ అన్నా, సందులో పిల్లోళ్ళు కూడా వేలు పెట్టి చూపియ్యాల" అంది. మొదటి రోజే బోర్డు రాయించింది. లాల్‌బీ పరుపులు, కింద ఇంటి నంబరు, సందు పేరు, నంద్యాల. ఇంటి నంబరు ఇంత పెద్దది ఎందుకమ్మా అని పెయింటరు అడిగితే, పేరు కన్నా అదే పెద్దగా రాయమందట. చోటు చూసి పోవడానికి వచ్చిన ఆఫీసరు కళ్ళద్దాల మీద దూది తుడుచుకుంటూ, ఇక అడగడానికి ఏముందని ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు.

విల్లుతో పని నెమ్మది. మిషను ఒక గంటలో చేసేది విల్లుతో ఒక పూట. లాల్‌బీ కుడి భుజం వాచింది. సాయంత్రమైతే పసుపు, సున్నం పట్టు వేసుకుని కూర్చునేది, పొద్దున్నే మళ్ళీ గూటం పట్టేది. ఈలోగా అన్సార్ ఇంకో పని చేశాడు. పల్లె కొట్టం చిరునామా మీదే తన భార్య పేరుతో, నా దగ్గరికి రాకుండా వేరేవాళ్ళ చేత నంబరు తీయించాడు. నేరుగా హాస్టల్‌కు వెళ్ళి, "మా వదిన కాడ ఇప్పుడు మిషను ల్యా టీచరమ్మా. మీకు టైముకు నేనిస్తా" అని చెప్పాడు. లూదియా టీచరమ్మకు పిల్లల తొందర, సరేనంది. సరేనని, "తొలి పిడికిలి ఏసేదానికి యాడికి రావాల?" అని అడిగింది.

దూదేకులింట పుట్టినవాడు, ఆ ప్రశ్నకు జాగ్రత్తపడాల్సింది. షోరూమ్‌లో తయారు పరుపులు అమ్మీ అమ్మీ ఆ ఆనవాయితీనే మరిచిపోయాడు. రాదులే అనుకుని, "బిల్లు మీద అడ్రసు ఉండాది గదా, ఎప్పుడైనా రండి" అనేశాడు. ఆమె నిజంగానే వెళ్ళింది. హాస్టల్ ఆయాను వెంటబెట్టుకుని, ఆటో మాట్లాడుకుని, అడిగి అడిగి ఆ కొట్టం దాకా వెళ్ళింది.

అక్కడి నుంచి తిన్నగా లాల్‌బీ సందుకు వచ్చింది. చెప్పులకు ఇంకా మేకల పెంట అంటుకునే ఉంది. "మేకలను చూపిచ్చినాడు నాకు. ఆటో బాడుగ ఇచ్చి మేకలను చూసొచ్చినా" అని చాప మీద కూలబడింది. "ఇంక మొదలుపెట్టు, కూచుంటా."

"చెప్పేది విను టీచరమ్మా. మిషను ల్యా. ఇస్కూలు తెరిచేలోగా అన్నీ కావు. సగమైతాయి. తక్కినవి ఆ పైన ఇస్తా. నీకు బేగా కావాల్నంటే ఇంకోరికి చెప్పుకో, నాకు కోపం ల్యా" అంది లాల్‌బీ.

"చిన్నపిల్లోళ్ళకు ముందు కానీ. పెద్దోళ్ళు కొన్నాళ్ళు పాతవాటి మీద పండుకుంటారు" అని లూదియా టీచరమ్మ గాజులు పైకి తోసుకుని, దూదిలో చెయ్యి పెట్టి, తొలి పిడికిలి వేసింది. అప్పటి నుంచి వీలైనప్పుడల్లా వచ్చి కూర్చుని ఒక్కో పరుపుకూ అలాగే వేసింది.

సగం కూడా అవుతాయో కావో అని నాకు భయంగానే ఉండేది. బళ్ళు తెరవబోయే ముందు ఒక మధ్యాహ్నం లైసెన్సు కాగితం ఇద్దామని వెళ్ళాను. లాల్‌బీ ఏకుతోంది. ముబశ్శిరా కుట్లు వేస్తోంది. గఫార్ గడప బయట మంచం మీద, మూతికి తువ్వాలు కట్టుకుని ఉన్నాడు. సందు మొదట్లో టెంపో ఆగింది. దాని మీద మిషను. అన్సార్ దిగి గబగబా వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

చోటు చూడడానికి ఆఫీసరు పల్లెకు వెళ్ళాడట. కొట్టం చూశాడు, మేకల్ని చూశాడు. ఇక్కడ వ్యాపారం చేస్తున్నది ఎవరో చెప్పమని అన్సార్‌ను నిలదీశాడు.

"వదినా, మిషను తెచ్చినా. ఇంక నీదే, కాగితం మీద రాసిస్తా. ఒక్క మాట చెప్పు, చాలు. ఆ కొట్టంలో పరుపులు కుట్టింది నువ్వేనని, ఈ నడుమనే ఈడికి వచ్చినావని. సంతకం కూడా వద్దు. ఆఫీసరు ఫోన్ చేస్తే ఊ అను" అన్నాడు.

లాల్‌బీ గూటం కింద పెట్టి లేచింది. టెంపో దగ్గరికి నడిచింది. మిషను మీద కప్పిన గోతం తన అంగడిదే, గుర్తుపట్టింది. గోతం ఎత్తి, వాచిన చేత్తోనే బెల్టు తడిమి చూసింది. "వదులైంది గదా, బిగించుకోలేదా?" అంది. ఆమెకు ఆ మిషను ఎంత కావాలో ఆ చెయ్యి చూస్తే తెలుస్తోంది. సరేననేస్తుందేమోనని నాకు క్షణం పాటు అనిపించింది. సరేనన్నా తప్పు పట్టే ధైర్యం నాకు లేదు.

గోతం మళ్ళీ కప్పేసి తిరిగొచ్చి కూర్చుంది. "బోర్డు ఉండాది, లైసెన్సు ఉండాది, కట్టిన పన్ను ఉండాది. సందంతా దూదే. ఇంత కనపడేటట్టు కూచున్నదాన్ని, యాడో ఉంటినని ఎట్లా చెప్పేది అన్సారూ? పోయి ఉన్నదున్నట్టు చెప్పుకో. పడింది కట్టు. కట్టినంక రా, నీ మంచాలు నా అంగడి ముందర ఏస్కో, ఇద్దరమూ అమ్ముకుందాం. మిషను అప్పుడు తే, బాడుగ ఇచ్చి తీసుకుంటా" అంది.

అన్సార్ ఆమె దగ్గర పని కాదని గడప వైపు తిరిగాడు. "అన్నా, నువ్వన్నా చెప్పు. నేను నీకేం తక్కువ చేసినా? ఆఫీసరు నిన్నడిగినా సరిపోతాది."

గఫార్ మూతికి కట్టుకున్న తువ్వాలు విప్పాడు. "నన్నడిగితే చెప్తాలే" అన్నాడు.

అన్సార్ మొహం తేటపడింది. లాల్‌బీ మొగుడి వైపు చూడలేదు, దూది వైపే చూస్తూ ఉంది.

"ఆ కొట్టంలో మావోళ్ళు ఒక్కనాడు కూడా దూది ఏకలేదని చెప్తా. ఆ విల్లుకు నరం బిగించింది నేనేనని చెప్తా. లాల్‌బీ ఈడ్నే ఉండాది. నేను కూడా ఈడ్నే ఉండా" అన్నాడు గఫార్. అతని గొంతు అంత పెద్దగా నేను ఎప్పుడూ వినలేదు. ఇస్సాకు తాత లోపలి నుంచి బయటికొచ్చి చూశాడు. ఆ వెంటనే గఫార్ దగ్గు తెరతో మంచం పట్టె పట్టుకుని వంగిపోయాడు.

అన్సార్ అన్న దగ్గు తగ్గేదాకా నిలబడి, ముబశ్శిరా చేతిలోని నీళ్ళ చెంబు అందుకుని తనే తాగించి, టెంపో దగ్గరికి వెళ్ళిపోయాడు. టెంపో వెనక్కి వెనక్కి పోయి సందు దాటింది, మిషను దాని మీదే ఉంది. హాస్టల్ పరుపులు ఇంకా చాలా మిగిలి ఉన్నాయి.

లాల్‌బీ లేచి వెళ్ళి, కింద పడ్డ తువ్వాలు తీసి, దులిపి మొగుడి చేతిలో పెట్టింది.

"గుడ్డ కట్టుకో ముందు" అంది. వచ్చి కూర్చుని విల్లు ఎత్తింది.